రూపాయి దిగిపోతుంది, సీసా ఉండిపోతుంది



కార్తీకమాసం వచ్చిందంటే విశాఖపట్నంలో ఇంటింటా ఒకటే మాట: "ఈ ఆదివారం అరకు పోదామా?" అక్కణ్ణుంచి సంక్రాంతి దాకా ఇదే వరస. పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలెక్కేవాళ్ళు కొందరు, శృంగవరపుకోట మీదుగా కారులో ఘాట్ ఎక్కేవాళ్ళు కొందరు. 2017లో రైలుకు అద్దాల పెట్టె తగిలించాక, కొండల్నీ సొరంగాల్నీ చూడ్డానికే వచ్చేవాళ్ళు కూడా పెరిగారు. ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే జాతీయ రహదారి వెడల్పవుతోంది. అంటే రేపు వచ్చేవాళ్ళు ఇవాళ్టికంటే ఎక్కువే.

పర్యాటకం ఊసు వస్తే మనం సాధారణంగా ఒక్క అంకె చెప్పుకుని సంబరపడతాం. ఈ ఏడు ఎంతమంది వచ్చారు? పోయినేటికంటే ఎంత పెరిగారు? ఈ ప్రసంగంలో ఆ అంకెను కాసేపు పక్కన పెడదాం. వచ్చినవాళ్ళు ఖర్చుపెట్టిన రూపాయి కొండ మీద ఎంతసేపు నిలిచింది, వాళ్ళు పారేసిన సీసా ఎంతకాలం నిలిచింది అని అడుగుదాం. రూపాయి సాయంత్రానికల్లా ఘాట్ దిగిపోతోంది. సీసా అక్కడే ఉండిపోతోంది. అలా ఎందుకవుతోంది, ఆ వరసను మార్చే దారేదైనా ఉందా అన్నదే ఇవాళ్టి విషయం.

ముందు రూపాయి సంగతి చూద్దాం.

ఒక మామూలు కుటుంబం ఒక్కరోజు అరకు యాత్ర చేస్తుందనుకోండి. కారు అద్దె విశాఖపట్నంలో ట్రావెల్స్ వాళ్ళకు వెళ్తుంది. డీజిలు డబ్బు బంకుకు, అక్కణ్ణుంచి చమురు కంపెనీకి. పులిహోర, ఇడ్లీ ఇంట్లోనే కట్టుకున్నారు. మంచినీళ్ళ సీసాల కట్ట, చిప్స్ పొట్లాలు, కూల్‌డ్రింకులు డిక్కీలో సర్దుకున్నారు. ప్యాకేజీలో వెళ్తే టిఫినూ భోజనమూ గైడూ అన్నీ అందులోనే. ఆ డబ్బు ముందే పట్నంలో కట్టేశారు. కొండెక్కాక జేబులోంచి తీసేది దేనికి? బొర్రా గుహల టికెట్టుకు, పార్కింగుకు, గిరిజన మ్యూజియానికి, ఒక పొట్లం కాఫీ పొడికి, ఓ బొంగులో చికెన్‌కి. చీకటి పడేలోపు ఘాట్ దిగిపోవాలి కాబట్టి గది తీసుకోరు. మొత్తం ఖర్చులో పెద్ద భాగం కొండ కిందే మొదలై కొండ కిందే ముగిసింది.

దీన్నే ఆర్థికశాస్త్రంలో కారుబాటు అంటారు. వచ్చిన ఆదాయం ఆ ప్రాంతంలో చేతులు మారకుండానే బయటికి కారిపోవడం. కరీబియన్ దీవుల నుంచి ఆగ్నేయాసియా దాకా ఉష్ణమండల పర్యాటక ప్రాంతాలు చాలావాటిని పీడించే జబ్బు ఇదే. అక్కడ విమానం పరాయిది, హోటలు పరాయిది, ఫ్రిజ్‌లో వెన్న కూడా ఓడ దిగి వచ్చిందే. మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. బొంగులో చికెన్ దగ్గరే ఆగి చూడొచ్చు.

రోడ్డు పక్కన చిన్న పందిరి. ఒక ఇల్లాలు పచ్చి వెదురు బొంగు తీసుకుంటుంది. ఒక వైపు కణుపు ఉంటుంది, రెండో వైపు నోరు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించిన కోడి ముక్కల్ని అందులోకి దట్టిస్తుంది. నోటికి ఆకు కుక్కి, బొంగును నిప్పుల మీద ఏటవాలుగా ఆనిస్తుంది. నూనె చుక్క లేదు. పచ్చి బొంగులోని తేమే ఆవిరై ముక్కను ఉడికిస్తుంది. బొంగు పైచర్మం నల్లబడే దాకా తిప్పుతూ, పొగలో కళ్ళు నలుపుకుంటూ ఆమె అక్కడే కూచోవాలి. చివరికి కత్తితో నోరు తెరిచి ఆకులోకి ఒంపితే, చుట్టూ నలుగురు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తారు.

ఇప్పుడు ఆ డబ్బును విడదీసి చూడండి. కోడి చాలామటుకు బ్రాయిలర్, మైదానం నుంచి వ్యాన్లో వచ్చింది. కారం, మసాలా కూడా కిందివే. ఆమెకు మిగిలేది పొగ భరించిన కూలి. మరి కొండ ఇచ్చినవేమిటి? బొంగు, కట్టెలు, ఆకు. వాటికి ధర ఎంత? సున్నా. అడవిలోంచి తెచ్చుకున్నవి కాబట్టి ఎవరూ లెక్క కట్టరు. పైగా బొంగు ఒక్కసారికే పనికొస్తుంది, కాలిందంటే పోయినట్టే. ఈ వంటకు కావలసింది తేమ ఉన్న పచ్చి బొంగు. ఏడాది నిండని లేత బొంగును కొట్టకూడదన్నది వెదురు పొదను కాపాడుకునేవాళ్ళ మొదటి నియమం. గిరాకీ పెరిగిన ఆదివారం ఆ నియమం ఎంతవరకు నిలుస్తుందో మీరే ఊహించండి. 2006 అటవీహక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాన్ని సేకరించి అమ్ముకునే హక్కును అడవిలో బతికేవాళ్ళకిచ్చింది. హక్కయితే ఉంది. కానీ ఆ బొంగుకు విడిగా ధర కట్టి, అందులో కొంత మళ్ళీ వెదురు నాటడానికి పెట్టే ఏర్పాటు పందిరి దగ్గర లేదు.

అరకు పర్యాటకం మొత్తం ఇదే లెక్క మీద నడుస్తోంది. కొండ ఇచ్చే చల్లగాలికి, మంచుకు, గెడ్డ నీటికి, పచ్చదనానికి ధర లేదు. ధర ఉన్నవన్నీ కింది నుంచి వచ్చేవే. అందుకే డబ్బు కూడా వాటి వెంటే వెనక్కి పోతుంది.

అలాగని అంతా నష్టమేనంటే అబద్ధం చెప్పినట్టే. వలిసె పూల సంగతి చూడండి. శీతాకాలం మొదట్లో అరకు చుట్టూ పొలాలు పసుపు పచ్చగా విరగబూస్తాయి. నూనెగింజ పంట అది. జనం కార్లాపి, చేలోకి దిగి, మొక్కలు తొక్కి ఫొటోలు దిగేవాళ్ళు. రైతు చూసి చూసి ఒక తాడు కట్టాడు. మనిషికి పదో ఇరవయ్యో పుచ్చుకుని ఒక దారమ్మట లోపలికి పంపడం మొదలెట్టాడు. కొందరు మధ్యలో ఒక మంచె కూడా కట్టారు. ఇదేమీ పెద్ద వ్యాపారం కాదు గానీ ఇందులో నేర్చుకోవలసింది చాలా ఉంది. నేల రైతుది, పంట రైతుది, రేటు పెట్టింది రైతు, డబ్బు తీసుకున్నదీ రైతే. నడుమ ఎవరూ లేరు. పైగా బంగారుతీగ పట్టి, గిట్టుబాటు లేక, విస్తీర్ణం తగ్గిపోతున్న పంటను నాలుగు రాళ్ళు వస్తాయని ఇంకో ఏడాది వేసే ఆశ పుడుతుంది. వలిసె పూస్తే తేనెటీగకు మేత. అంటే ఆ చేలో డబ్బుకూ ప్రకృతికీ తగవు రాలేదు. చెయ్యిచాపి టికెట్టు అడిగే అధికారం నేల ఉన్నవాడి చేతిలో ఉండడమే దానికి కారణం.

కాఫీ కూడా ఇదే చెబుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటి మీదికి పాకించిన మిరియం పాదుల నడుమ కాఫీ పండించేది గిరిజన రైతులు. ఒకప్పుడు గింజను సంతలో దళారి చెప్పిన ధరకు అమ్మేసేవాళ్ళు. సహకార సంఘాలు, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), గిరిజన సహకార సంస్థ, స్వచ్ఛంద సంస్థలు పూనుకుని, పండు ఏరడం, పులియబెట్టడం, ఎండబెట్టడం పద్ధతిగా నేర్పాక అరకు పేరే ఒక సరుకైంది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నీడచెట్లను పెళ్ళగించి తోటల్ని చావుదెబ్బ తీసినా, తోట తమది కాబట్టి రైతులు మళ్ళీ నాటుకున్నారు. ఆస్తి సొంతమైతే దెబ్బ తట్టుకునే ఓపిక వస్తుంది. 2020లో కరోనా వచ్చి గుహలూ హోటళ్ళూ మూతపడినప్పుడు తేడా బాగా తెలిసింది. రిసార్టులో జీతానికి ఉన్నవాడికి ఆ నెల జీతమే పోయింది. చోళ్ళు, సామలు, కాఫీ ఉన్నవాడికి కనీసం గింజలున్నాయి.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇదీ: కొండవాళ్ళకు ఏది సొంతమో, దాని మీద వచ్చిన రూపాయే కొండ మీద నిలుస్తుంది. ఇక్కడ మనం నేల గురించి మాట్లాడక తప్పదు.

అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతాలన్నీ రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందికి వచ్చేవి. ఇక్కడి గిరిజనుల భూమి అనుమతి లేకుండా గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1959లో ఒక నిబంధన చేశారు. దాన్ని 1970లో మరింత బిగించారు. అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అనుకునే చట్టం. గిరిజనుడి భూమినే కాదు, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమిని కూడా మరో గిరిజనేతరుడికి అమ్మడానికి వీల్లేదంటుంది. మరి రోడ్డు పక్కన ఇన్ని హోటళ్ళూ రిసార్టులూ ఎలా లేస్తున్నాయని మీరు అడగొచ్చు. కొన్ని గిరిజనుల సొంతమే, సంతోషం. మరికొన్నింట కాగితం మీద ఒక పేరు, గల్లాపెట్టె దగ్గర మరొక మనిషి. దీనికి బినామీ అనే పాత పేరే ఉంది.

ఈ నేల మీద పర్యాటకానికి పెట్టుబడి రావాలంటే చట్టాన్ని సడలించాలన్న మాట అప్పుడప్పుడూ లేస్తుంది. 2025 మొదట్లో అలాంటి మాట ఒకటి వినబడగానే మన్యం బంద్ జరిగింది. చట్టం మార్చే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి ప్రకటించాక గాని వేడి చల్లారలేదు. గిరిజనులు అభివృద్ధికి అడ్డుపడుతున్నారని కింద కొందరు విసుక్కున్నారు. కానీ నేల పోయాక వచ్చే అభివృద్ధిలో తమ వాటా చీపురు, లాఠీ, ట్రే, ఈ మూడేనని వాళ్ళకు తెలుసు. రిసార్టు ఊడ్చే పని, కాపలా పని, వడ్డించే పని. ఆ పనులు తక్కువవని కాదు. సొంత నేల మీద అవి మాత్రమే దక్కడం తక్కువ.

ఈ చరిత్రలో బొర్రా పేరు దేశమంతటికీ తెలిసిన సందర్భం ఒకటుంది. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల గ్రామాల్లో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర వ్యక్తి లాంటిదే, ప్రైవేటు కంపెనీలకు లీజులివ్వడానికి వీల్లేదంది. ప్రభుత్వ సంస్థలో, గిరిజనుల సహకార సంఘాలో ఆ పని చేసుకోవచ్చంది. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల నీళ్ళకు, చదువుకు, వైద్యానికి, రోడ్లకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలంది. అడవి పెంపకానికి పెట్టే ఖర్చు అది కాక వేరే.

ఆ తీర్పు గనుల గురించి వచ్చిందే, ఒప్పుకుంటాను. కానీ అదే బొర్రాలో సున్నపురాయిని తవ్వి అమ్మితే వర్తించే న్యాయం, అదే సున్నపురాయిని చూపించి టికెట్టు అమ్మితే ఎందుకు వర్తించకూడదు? రాయి ఒకటే, ఊరు ఒకటే, మనుషులూ వాళ్ళే. గుహ లోపలికి వెళ్ళే ప్రతి టికెట్టులోనూ ఆ పంచాయతీకి చట్టబద్ధంగా, అడుక్కోనక్కర్లేకుండా, ఒక నిర్ణీత వాటా ఉండాలన్నది నా అభిప్రాయం.

ఇక సీసా సంగతికి వద్దాం.

బొర్రా గుహల్లో పై నుంచి వేలాడే, కింది నుంచి లేచే ఆ రాతి ఆకారాలు మీరు చూసే ఉంటారు. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, కాస్త పులుపెక్కి, సున్నపురాయిని కరిగిస్తూ దిగుతుంది. లోపల చుక్క చుక్కగా జారినప్పుడు ఆ వాయువు విడిపోయి, సున్నం మిగులుతుంది. మనిషి జీవితకాలంలో మహా అయితే కొద్దిగా మాత్రమే పెరిగే నిర్మాణం అది. అలాంటి చోటికి ఆదివారం పూట వేలమందిమి దిగుతాం. మన ఊపిరితో లోపలి బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. మన ఒంటి వేడికి తేమ మారుతుంది. రంగు దీపాల వెలుగు సోకిన చోట రాయి మీద నాచు పుడుతుంది. చేత్తో తడిమితే చర్మం మీది జిడ్డు అంటుకుని, ఆ తర్వాత నీటిచుక్క అక్కడ కుదురుగా సున్నం పేర్చలేదు. ఫ్రాన్సులో లాస్కో గుహలోని ఆదిమానవుల బొమ్మలు సందర్శకుల ఊపిరికీ దీపాలకీ చెడిపోతున్నాయని 1963లోనే ఆ గుహను జనానికి మూసేశారు. బొర్రా లాస్కో కాదు, చాలా పెద్దది, గాలి ఆడుతుంది. అయినా ఒకసారికి ఇంతమందే అన్న హద్దు, అక్కర్లేనప్పుడు ఆర్పే దీపం, ఇవి గుహకు ఆయుష్షు పోస్తాయి.

గుహ లోంచి గోస్తని నది పారుతుంది. అది కొండ దిగి తాటిపూడి జలాశయం చేరుతుంది, చివరికి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏలేరు, రైవాడ, మేఘాద్రిగెడ్డలతో పాటు విశాఖపట్నానికి తాగునీరిచ్చేవాటిలో తాటిపూడి ఒకటి. కనక బొర్రా వైపు గెడ్డలో మనం ఏది పడేసినా, ఏ హోటలు తన మురుగు వదిలినా, వానలకు అది మన కుళాయి దారే పడుతుంది. పాడేరు వైపు గెడ్డలు మాచ్‌ఖండ్‌లో, సీలేరులో, శబరిలో కలిసి గోదావరికి పోతాయి. ఎటు పారినా కింద ఉన్నది మనమే. కొండ మీది ఊళ్ళవాళ్ళ బాధ దీనికంటే దగ్గరిది. అక్కడ చాలా గూడేలు కొండ ఊట నీటి మీద ఆధారపడ్డవి. ఊట నుంచి గొట్టం వేసుకుని తెచ్చుకుంటారు. ఎండాకాలంలో ఊట సన్నబడుతుంది. అదే నేలలో రిసార్టు బోరు లోతుకు దిగితే, బిందె పట్టుకున్న ఆడమనిషి ఇంకాస్త దూరం నడవాలి.

వంజంగి పేరు మీరంతా వినే ఉంటారు. పాడేరు దగ్గర మేఘాల కొండ. తెల్లవారుజామున కాళ్ళ కింద మబ్బులు పాలసముద్రంలా పరుచుకుంటే, వాటి మీద సూర్యుడు లేస్తాడు. కొన్నేళ్ళ కిందట చుట్టుపక్కల వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఫోనుల్లో వీడియోలు తిరిగాక శీతాకాలపు శనివారం రాత్రుళ్ళు కొండ కింద కార్ల బారులు, కొండ మీద టెంట్లు, చలిమంటలు. ఎండెక్కాక దిగొస్తూ చూడండి: దారి పొడుగునా నీళ్ళ సీసాలు, నూడుల్స్ కప్పులు, బిర్యానీ డబ్బాలు, పగిలిన మందుసీసాలు. ఆ గాజు పెంకుల మీద మర్నాడు పశువులు నడుస్తాయి, పశువులు కాసే పిల్లలు నడుస్తారు. ఎవరు పారేశారంటే ఎవరూ కాదు. తిలాపాపం తలాపిడికెడు.

ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల్ని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. స్ట్రాలు, ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు అందులో ఉన్నాయి. నీళ్ళ సీసా మాత్రం లేదు. మరి ఇదంతా ఎత్తాల్సింది ఎవరు? గ్రామ పంచాయతీ. పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు ప్రధానంగా జనాభాను బట్టి వస్తాయి. జనాభా లెక్కల్లో ఊరివాళ్ళే ఉంటారు. ఆదివారం వచ్చి సాయంత్రం వెళ్ళిపోయే వేలమంది ఏ లెక్కలోనూ లేరు. చిన్న ఊరికి సరిపడే పారిశుధ్య సిబ్బందితో ఒక జాతర చెత్తను వారం వారం ఎత్తమంటున్నాం. చెత్త పేరుకుపోతోందంటే ఊరివాళ్ళ నిర్లక్ష్యం అనుకోవద్దు. సందర్శకుడి చెత్తకు సందర్శకుడి డబ్బు జత కాకపోవడం వల్ల వచ్చిన అవస్థ ఇది.

ఇలా వదిలేస్తే ఏమవుతుందో ప్రపంచం ఇప్పటికే చూసింది. ఫిలిప్పీన్స్‌లో బొరకాయ్ అని ఒక చిన్న దీవి. విస్తీర్ణం దాదాపు 10 చదరపు కిలోమీటర్లు. 2017లో 20 లక్షలకు పైగా జనం వచ్చారు. హోటళ్ళ మురుగు గొట్టాలు నేరుగా సముద్రంలోకి వదిలారు. తెల్లటి ఇసుక తీరంలో పచ్చటి నాచు పేరుకుంది. అప్పటి అధ్యక్షుడు దుతెర్తే ఆ దీవిని మురికిగుంట అని తిట్టి, 2018 ఏప్రిల్‌లో ఆరు నెలలు మొత్తంగా మూయించాడు. అక్టోబరులో తెరిచేటప్పుడు ఒక సమయంలో దీవి మీద 19,215 మంది పర్యాటకులకు మించకూడదని హద్దు పెట్టారు. బాగుపడింది, నిజమే. కానీ ఆ ఆరు నెలలు వేలాదిమంది గదులు ఊడ్చేవాళ్ళు, పడవలు నడిపేవాళ్ళు, వంటవాళ్ళు కూలి లేక కూచున్నారు. తప్పు చేసింది గొట్టాలు పెట్టినవాళ్ళు, పస్తున్నది పనివాళ్ళు.

థాయిలాండ్‌లో మాయా బే కథ కూడా ఇలాంటిదే. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాతో ఆ చిన్న తీరం పేరు మోగిపోయింది. రోజుకు వేలమంది దిగడంతో, లంగర్ల దెబ్బకూ పాదాల దెబ్బకూ పగడపు దిబ్బలు పాడయ్యాయి. 2018 జూన్‌లో మూసి, 2022 జనవరి దాకా తెరవలేదు. పగడాలు మళ్ళీ నాటారు. మనుషులు వెళ్ళిపోయాక నల్లరెక్కల సొరచేపలు తిరిగొచ్చాయి. ఇప్పుడు పడవలు తీరం వెనక వైపు ఆగాలి, సంఖ్యకు హద్దుంది, ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలలు తీరానికి విశ్రాంతి. మన చేలకు పడావు వదిలినట్టే చూసే చోటికీ పడావు వదలాలన్నది వాళ్ళు నేర్చుకున్న పాఠం.

అంత దూరం ఎందుకు, ఊటీ, కొడైకెనాల్ చూడండి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి అక్కడికి వెళ్ళే బయటి బండ్లకు ఈ-పాస్ తప్పనిసరి చేశారు. 2025 వేసవిలో ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలకు మించకూడదన్నారు. వ్యాపారులు గోల పెట్టారు. వాళ్ళ కష్టం వాళ్ళది. కానీ ఘాట్‌లో గంటల తరబడి ఆగిపోయిన బండ్లలో కూచున్న పర్యాటకుడు దుకాణంలో కొనేదేముంది?

మూసే దాకా తెచ్చుకోకముందే చేయగలిగినవి ఏమిటి? కొత్తగా కనిపెట్టాల్సినవి పెద్దగా లేవు. పక్క రాష్ట్రాల్లో, మన రాష్ట్రంలోనే నడుస్తున్నవి కొన్ని చెబుతాను.

మొదటిది, సీసాకు ధర కట్టడం. నీలగిరిలో మందుసీసా మీద 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగిచ్చే పద్ధతి పెట్టారు. అడవిలో గాజు పెంకులు ఏనుగుల పాదాల్లో గుచ్చుకుంటున్నాయని కోర్టు పట్టుబట్టడంతో వచ్చిన ఏర్పాటు అది. మన తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ళ సీసా తీసేసి, గాజు సీసా పెట్టారు. ఖాళీది తిరిగిస్తే దాని డబ్బు వెనక్కి వస్తుంది. అన్ని లక్షలమంది భక్తులు వచ్చే చోట సాధ్యమైంది అనంతగిరిలో ఎందుకు సాధ్యం కాదు? తిరిగిస్తే పది రూపాయలొచ్చే సీసాను ఎవరూ లోయలోకి విసరరు. విసిరినా, ఏరుకొచ్చేవాళ్ళకు కూలి గిట్టుతుంది.

రెండోది, హోటలు వంటింట్లో కొండ సరుకు. కేరళలో కుమరకంలో 2007 ప్రాంతంలో ఊరివాళ్ళకూ హోటళ్ళకూ పడేది కాదు. సరస్సు ఒడ్డున హోటళ్ళు, పక్కనే ఊరు, మధ్య ఏ సంబంధమూ లేదు. అప్పుడు కుటుంబశ్రీ అనే మహిళా సంఘాల చేత కూరగాయలు పండింపజేసి, ముందే మాట్లాడుకున్న ధరకు హోటళ్ళు కొనేలా ఒప్పందం చేశారు. ఆ కృషికి తర్వాత ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పురస్కారం కూడా వచ్చింది. అరకులో చోళ్ళున్నాయి, సామలున్నాయి, చింతపల్లి రాజ్మా, పసుపు, మిరియాలు, తేనె, నాటుకోళ్ళు ఉన్నాయి. హోటలు పెసరట్టుతో పాటు చోడి అంబలి పెట్టొచ్చు. కోళ్ళను గూడెంలోనే పెంచితే బొంగులో చికెన్ లెక్క కూడా మారిపోతుంది.

మూడోది, ఒక రాత్రి. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాడు చెత్త ఎక్కువ, డబ్బు తక్కువ మిగుల్చుతాడు. రాత్రి ఆగేవాడు గదికిస్తాడు, రెండు పూటలు తింటాడు, తెల్లారి ఊరి కుర్రాణ్ణి తోడు తీసుకుని కాఫీ తోట చూస్తాడు. ఆ గది గిరిజన కుటుంబం ఇంటిదైతే రూపాయి కూడా ఆ రాత్రి అక్కడే పడుకుంటుంది. హోమ్‌స్టేకు రెండు గదులు కట్టుకునే అప్పు, మరుగుదొడ్డి, బుకింగు నేర్పే శిక్షణ, ఇవి ప్రభుత్వం చేయగలిగిన పనులు. 2024 చివర్లో రాష్ట్రం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పరిశ్రమకిచ్చే రాయితీలు పెద్ద రిసార్టుకు ఎంత సులువుగా అందుతాయో, రెండు గదుల ఇంటికీ అంతే సులువుగా అందాలి.

నాలుగోది, గ్రామసభ మాట. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూలు ప్రాంతాల్లో గ్రామసభకు పెద్దపీట వేసింది. వంజంగి కొండ ఎన్నాళ్ళు తెరిచి ఉంచాలి, రోజుకు ఎంతమంది ఎక్కాలి, మంటలు వేయనివ్వాలా, రాత్రి పాటలు పెట్టనివ్వాలా, ఇవన్నీ ఆ కొండ కింద నిద్రపోయేవాళ్ళు తేల్చాల్సినవి. గిరిజనుల థింసా నాట్యం ఎప్పుడు ఎవరి ముందు ఆడాలో కూడా వాళ్ళే తేల్చాలి. పండగనాడు ఊరంతా చేతులు పట్టుకుని ఆడేదాన్ని, బస్సు దిగిన ప్రతి గుంపు ముందూ గంటకోసారి ఆడిస్తే అది వాళ్ళకు కూలిపనే అవుతుంది. కూలిపనైతే కూలి సరిగా ఇవ్వాలి, కాదంటే వద్దనే హక్కుండాలి.

మనం చేయవలసింది కూడా ఉంది, ఎక్కువేం కాదు. ఇంటి నుంచి స్టీలు సీసా పట్టుకెళ్ళండి. చెత్త సంచి కారులోనే పెట్టుకుని, ఘాట్ దిగాక పారేయండి. కాఫీ పొడి, మిరియాలు, తేనె గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో, సంతలో తట్ట ముందు కూచున్న అమ్మ దగ్గరో కొనండి. బేరం ఆడేముందు ఆ తట్ట ఎంత దూరం నడిచొచ్చిందో అడగండి. గుహలో రాయిని ముట్టుకోకండి. వలిసె చేలో పది రూపాయలడిగిన రైతును దబాయించకండి.

చివరగా ఒక్క కోరిక. ప్రభుత్వాన్నీ పర్యాటక శాఖనూ అడుగుతున్నాను. బొర్రా గుహల గేటు దగ్గర టికెట్టు ధరల బోర్డు పక్కనే ఇంకో బోర్డు పెట్టండి. పోయిన ఏడాది ఎన్ని టికెట్లు అమ్మారు, ఎంత వచ్చింది, అందులో చుట్టుపక్కల పంచాయతీలకు ఎంత వెళ్ళింది, చెత్త ఎత్తడానికి ఎంత పెట్టారు, ఇక్కడ పనిచేసేవాళ్ళలో స్థానికులు ఎందరు. ఐదే ఐదు వరసలు. ఏటా గ్రామసభలో ఆ లెక్క బిగ్గరగా చదివి వినిపించండి. చదివిన అంకె నచ్చకపోతే అడగడానికి ఊరుంది. ఆ అంకె బాగుంటే, ఈ ఏడు ఎంతమంది వచ్చారో చెప్పుకుని మనందరం కలిసి సంబరపడదాం.